హుండీ లేని గుడి, గోడ కట్టుకున్న దేశం

మెహదీపట్నంలో చిలుకూరు బస్సెక్కి లంగర్‌హౌజ్ దాటుతుంటే కుడివైపు గోల్కొండ కోట వస్తుంది. కంచర్ల గోపన్నను బంధించిన చెరసాల ఇదేనని ఆ కోటలో ఇప్పటికీ ఒక గది చూపిస్తారు. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న గోపన్న సర్కారుకు చేరాల్సిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, గోల్కొండ నవాబు తానీషా ఆయన్ను ఖైదులో పెట్టించాడు. ఆ బాకీని రామలక్ష్మణులే వచ్చి తీర్చారన్న కథను నేను చిన్నప్పుడు కళ్లనీళ్లతో విన్నాను. ఇప్పుడు విన్నా అంతే. అయితే ఖజానా లెక్క రాసేవాడి వైపు నుంచి చూస్తే అందులో ఇంకో ప్రశ్న ఉంది. జనం కట్టిన పన్ను ఏ దేవుడికి ఖర్చు పెట్టాలి, ఎవరిని అడిగి పెట్టాలి? గోపన్న మేనమామలు అక్కన్న, మాదన్నలే అప్పుడు రాజ్యంలో పెద్ద మంత్రులు. నేను వెళ్తున్న చిలుకూరు బాలాజీ గుడి కూడా వాళ్ల కాలం నాటిదేనని చెప్పుకుంటారు.

అమెరికాలో దేవుడికీ దొరతనానికీ మధ్య ఉన్న సంబంధం గురించి రాయాలనుకున్నప్పుడు నాకు వాషింగ్టన్ కంటే ముందు ఈ దారే తట్టింది. ఆ దేశానికి పోవాలనుకున్న తెలుగువాళ్లలో ఎంతోమంది మొదట మొక్కుకునేది ఇక్కడే. వీసా బాలాజీ అన్న పేరు ఊరికే రాలేదు.

అప్పా జంక్షన్ దాటి ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి వెళ్తే మొయినాబాద్ మండలం. అజీజ్‌నగర్ పొడవునా ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులు, ఫంక్షన్ హాళ్ల కమాన్లు, ఎత్తైన ప్రహరీల వెనక ఫామ్‌హౌసులు. ఈ పక్క ఉస్మాన్‌సాగర్, ఆ పక్క హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ రెండు జలాశయాల కోసమే 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు అడ్డుకట్ట వేశారు. హిమాయత్‌నగర్ చౌరస్తాలో బస్సు కుడికి తిరిగేసరికి లోపల ఉన్నవాళ్లలో సగం మంది చేతుల్లో ప్లాస్టిక్ ఫైళ్లు కనిపించాయి. పాస్‌పోర్టు, ఐ20 కాగితం, బ్యాంకు లోను పత్రం. స్వామి పాదాల దగ్గర పెట్టించుకోలేకపోయినా గుడి చుట్టూ వాటిని మోసుకుని తిరుగుతారు.

గుడి చిన్నది. ఏటా తిరుమలకు వెళ్లే భక్తుడొకరు జబ్బుపడి కదల్లేకపోతే స్వామి కలలోకి వచ్చి, నేను నీ పక్క అడవిలోనే ఉన్నానని చెప్పాడట. చెప్పిన చోట పుట్ట తవ్వితే శ్రీదేవీ భూదేవీ సమేతంగా దొరికాడట. కోరిక కోరేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108. బయట దుకాణాల్లో 108 గళ్ల కార్డు ఇస్తారు, ఒక్కో చుట్టుకు ఒక్కో గడి కొట్టేసుకుంటూ పోవాలి. తిరిగేవాళ్ల వేగం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ముసలివాళ్లు, నెలల బిడ్డను చంకనెత్తుకున్న తల్లులు, చెవిలో ఇయర్‌ఫోన్లు తీయని కుర్రాళ్లు అందరూ ఒకే వరదలో పడి పోతుంటారు.

జగిత్యాల నుంచి వచ్చిన ఒకామె స్తంభం పక్కన కూర్చుని కాళ్లు ఒత్తుకుంటోంది. పలకరించాను.

"బిడ్డది ఎల్లుండి ఇంటర్వ్యూ సార్. దానికి రానీకె తీరలే. నేనే తిరుగుతున్న."

నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ ఇక్కడి నుంచి కారులో గంట దూరం కూడా లేదు. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై 2023 మార్చిలో ఆ కొత్త భవనానికి మారింది. 2025 మే చివర్లో విద్యార్థి వీసాల కొత్త అపాయింట్‌మెంట్లు కొన్నాళ్లు ఆపేశారు, ఆ తర్వాత సోషల్ మీడియా ఖాతాలు చూస్తామన్నారు. సెప్టెంబరులో కొత్త హెచ్1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము వేశారు. ఇవన్నీ ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఫేస్‌బుక్‌లో పెట్టిన పూజల ఫోటోలు తీసేయాలా వద్దా అని కూతురు అడిగిందట.

"దేవుని ఫోటో ఉంటే వాళ్లకేం నష్టం సార్? ఆడ గూడ గుళ్లున్నయంట కద."

ఉన్నాయి. 1970ల్లోనే పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్ కొండ మీద, తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో వేంకటేశ్వరుడు వెలిశాడు. ఫోటో వల్ల ఏ ఇబ్బందీ రాదని చెప్పాను. ఆ మాట ధైర్యంగా చెప్పడానికి ఆధారం ఏమిటో, అది ఎంత గట్టిదో ఆ తర్వాత దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఈ గుడిలో హుండీ లేదు. కానుకలు వేయమని ఎవరూ అడగరు. ప్రత్యేక దర్శనం టికెట్టు లేదు, మంత్రిగారికైనా వరసే. కొత్తగా వచ్చినవాళ్లు చేతిలో నోటు పట్టుకుని ఎక్కడ వేయాలో తెలియక అటూ ఇటూ చూడడం గమనించాను. చాలామంది దీన్ని నిరాడంబరతగా మెచ్చుకుంటారు. నిరాడంబరతే, కానీ దాని వెనక ఒక పోరాటం ఉంది.

జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫారసుల మీద ఎన్టీ రామారావు ప్రభుత్వం 1987లో దేవాదాయ చట్టం తెచ్చింది. వంశపారంపర్య ధర్మకర్తృత్వం, అర్చకుల మిరాశీ హక్కులు ఒక్క దెబ్బతో రద్దయ్యాయి. కారణాలు లేకపోలేదు. దేవుడి మాన్యాలు చేతులు మారాయి, లెక్క చెప్పే నాథుడు లేని గుళ్లు ఎన్నో ఉండేవి. తిరుమల అర్చక కుటుంబానికి చెందిన ఎ.ఎస్. నారాయణ దీక్షితులు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 1996లో కోర్టు ప్రభుత్వం పక్షమే నిలిచింది. చిలుకూరు అర్చకులు ఎం.వి. సౌందరరాజన్ అక్కడితో ఆగలేదు. కామర్స్ ప్రొఫెసర్‌గా పనిచేసిన ఆయన చట్టం చదివి, గుళ్ల పరిరక్షణ ఉద్యమం పెట్టి, 'వాక్' పత్రిక నడిపి, ఏళ్ల తరబడి అసెంబ్లీ చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు. 2007లో చట్టం సవరించి అర్చక కుటుంబాల హక్కును కొంతమేరకు గుర్తించడం వెనక ఆ శ్రమ ఉంది.

ఆ చట్టం పనిచేసే తీరు చూస్తే హుండీ సంగతి అర్థమవుతుంది. గుడి ఏటా సంపాదించే ఆదాయాన్ని బట్టి దాన్ని తరగతుల్లో పెడతారు. ఆదాయం పెరిగిన కొద్దీ కార్యనిర్వహణాధికారి, ధర్మకర్తల మండలి, శాఖకు చెల్లించాల్సిన వాటా. అంటే సర్కారు గుడిలోకి అడుగుపెట్టే వాకిలి హుండీయే. చిలుకూరు వాళ్లు ఆ వాకిలే పెట్టలేదు. డబ్బు వద్దనుకుంటే అధికారిని కూడా వద్దనగలం అన్న ఎరుక అందులో ఉందని నాకు అనిపిస్తుంది. ఎంత ఖరీదైన స్వేచ్ఛో చూడండి. వారాంతంలో వేలమంది వచ్చే చోట ఒక్క రూపాయి అడగకుండా నిలబడటం మామూలు విషయం కాదు.

ఇలాంటి ఎరుకే అమెరికా చరిత్రలోనూ కనిపిస్తుంది. అక్కడ మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరు చేసింది నాస్తికులేనని మనలో చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా లేదు. 1784లో వర్జీనియాలో పాట్రిక్ హెన్రీ, క్రైస్తవ బోధకుల జీతాల కోసం జనం మీద పన్ను వేయాలని బిల్లు తెచ్చాడు. కట్టేవాడు తన పన్ను ఏ చర్చికి పోవాలో తానే చెప్పుకోవచ్చు. వినడానికి ఉదారంగానే ఉంది. జేమ్స్ మాడిసన్ 1785లో దానికి వ్యతిరేకంగా మహజరు రాశాడు, బిల్లును ఎదిరించినవాళ్లలో పెద్ద సంఖ్య బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు. లైసెన్సు లేకుండా సువార్త చెప్పారని అంతకు కొన్నేళ్ల ముందే ఆ రాష్ట్రంలో బాప్టిస్టు బోధకుల్ని జైళ్లలో వేశారు. సర్కారు ఇచ్చే జీతం ఎటు దారితీస్తుందో వాళ్లకు అనుభవం మీద తెలుసు. బిల్లు వీగిపోయింది. జెఫర్సన్ రాసిపెట్టిన మతస్వేచ్ఛ చట్టం 1786 జనవరిలో గెలిచింది. 1791లో రాజ్యాంగ మొదటి సవరణ వచ్చింది: కాంగ్రెస్ ఏ మతాన్నీ అధికార మతం చేయకూడదు, ఎవరి ఆరాధననూ అడ్డుకోకూడదు.

కనెటికట్‌లో మాత్రం కాంగ్రిగేషనల్ చర్చి 1818 దాకా రాష్ట్ర మతంగానే ఉంది. అక్కడి డాన్‌బరీ ఊళ్లోని బాప్టిస్టులు, మా మతస్వేచ్ఛ సర్కారు దయగా ఇచ్చేదేనా అని బాధపడుతూ 1801లో అధ్యక్షుడు జెఫర్సన్‌కు ఉత్తరం రాశారు. చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ అన్న మాట 1802 జనవరి 1న ఆయన వాళ్లకు రాసిన జవాబులోదే. రోజూ ప్రార్థన చేసుకునే ఒక అల్పసంఖ్యాక వర్గం, పక్కనున్న పెద్ద చర్చికి భయపడి అడిగిన రక్షణ అది. చిలుకూరు అర్చకులు వర్జీనియా చరిత్ర చదివారో లేదో నాకు తెలియదు, వాళ్లు పట్టుకున్న వాదం మాత్రం ఆ బాప్టిస్టులదే.

అలాగని అమెరికా ప్రజాజీవితంలో దేవుడు లేడనుకోవద్దు. మన పార్లమెంటు సభలు ఏ ప్రార్థనతోనూ మొదలుకావు, వాళ్ల కాంగ్రెస్ 1789 నుంచీ ప్రార్థనతోనే మొదలవుతోంది. అధ్యక్షుడి ప్రమాణంలో దేవుడి మాట రాజ్యాంగం రాయలేదు, అయినా దాదాపు అందరూ కలుపుకుంటారు. సోవియట్ రష్యాతో పోటీ ముదిరిన 1954లో బడి పిల్లలు జెండాకు చేసే ప్రతిజ్ఞలో దేవుణ్ణి చేర్చారు. 1956లో దేవుడి మీద నమ్మకాన్ని చాటే వాక్యాన్నే జాతీయ నినాదం చేశారు. డాలరు నోటు మీద అది ఉంటుంది. గోడ చట్టంలో ఉంది, గాలిలో లేదు.

ఆ గాలిలో మనవాళ్లు ఎలా ఊపిరి తీసుకుంటున్నారన్నదే నన్ను పట్టి లాగే విషయం. 2000 సెప్టెంబరు 14న, వాజ్‌పేయి అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగించిన రోజున, ప్రతినిధుల సభలో ప్రారంభ ప్రార్థన చేసింది ఒహాయోలోని పార్మా శివవిష్ణు ఆలయ పూజారి వేంకటాచలపతి సముద్రాల. ఆ సభలో హిందూ పూజారి ప్రార్థన చేయడం అదే మొదలు. ఒక క్రైస్తవ సంస్థ దాన్ని తప్పుపట్టింది. 2007 జులైలో సెనేట్‌లో రాజన్ జెడ్ ప్రార్థన మొదలుపెట్టగానే గ్యాలరీలోంచి కేకలు లేచాయి, ముగ్గుర్ని పోలీసులు పట్టుకుపోయారు. కేకలు వేసింది పౌరులు, పట్టుకుపోయింది ప్రభుత్వం, ప్రార్థన పూర్తయింది. ఈ మూడూ కలిపి చూస్తేనే ఆ దేశం అర్థమవుతుంది.

2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ భగవద్గీత మీద చేయి పెట్టి ప్రమాణం చేశారు. పక్కనే గవర్నర్ వెస్ మూర్, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ బైబిల్ మీద. 2025 నవంబరులో వర్జీనియాలో, జెఫర్సన్, మాడిసన్‌ల రాష్ట్రంలోనే, లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ కూడా హైదరాబాద్‌లో పుట్టిన ముస్లిం. అదే ఏడాది అక్టోబరు చివర్లో మిసిసిపీ విశ్వవిద్యాలయం సభలో ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్, హిందువైన తన భార్య చిలుకూరి ఉష ఏదో ఒకనాడు తనలాగే క్రైస్తవ విశ్వాసం వైపు వస్తే బాగుంటుందన్న ఆశ బయటపెట్టారు. భర్తగా ఇంట్లో ఆయన ఏం ఆశిస్తే మనకేం. దేశంలో రెండో స్థానంలో ఉన్న మనిషి వేల మంది ముందు అన్నప్పుడు, ఆ దేశంలోని తెలుగు ఇళ్లన్నింటిలోనూ ఆ మాట వినపడింది.

ఈ రంగారెడ్డి జిల్లాకే సంబంధించిన ముచ్చట ఇంకొకటి. ముచ్చింతల్ ఆశ్రమానికి చెందిన చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో 2024 ఆగస్టులో టెక్సస్‌లోని షుగర్‌లాండ్ అష్టలక్ష్మి ఆలయంలో 90 అడుగుల హనుమంతుణ్ణి నిలబెట్టారు. ఏడాది తర్వాత సెనేట్‌కు పోటీకి దిగిన ఒక రిపబ్లికన్ నాయకుడు, ఇది క్రైస్తవ దేశం, ఈ అబద్ధపు దేవుడి విగ్రహం ఇక్కడెందుకని బహిరంగంగా అడిగాడు. మనవాళ్లంతా వెంటనే ఎత్తి చూపింది మొదటి సవరణనే. నాకు సంతోషమేసింది, కొంచెం ఆలోచన కూడా వచ్చింది. అల్పసంఖ్యాకులుగా నిలబడ్డ చోట ఆ గోడ ఎంత విలువైనదో మనకు అంత తొందరగా తెలిసిపోతుంది. మెజారిటీగా ఉన్న ఊళ్లో అదే మనకు కనపడదు. మొయినాబాద్‌లో నమాజుకు పోయే మనిషీ, ఆదివారం పాకలో పాటలు పాడుకునే దళిత క్రైస్తవ కుటుంబమూ షుగర్‌లాండ్‌లో మనమున్న చోటే ఇక్కడ ఉన్నారు. ఈ మాట వినడానికి ఇష్టపడని మిత్రులు నాకు ఉన్నారు. అయినా చెప్పక తప్పదు.

గుడి నుంచి ఆటోలో మొయినాబాద్ వచ్చాను. చౌరస్తాలో హోటల్‌లో చాయ్ తాగుతుంటే మాట రంగరాజన్ గారి మీదికి మళ్లింది. సౌందరరాజన్ కొడుకు, గుడి ప్రధానార్చకులు సి.ఎస్. రంగరాజన్. 2025 ఫిబ్రవరి 7న రామరాజ్యం పేరుతో దళం కడుతున్న కొందరు చిలుకూరులోని ఆయన ఇంటికి వచ్చారు. తమ సైన్యానికి మనుషుల్ని చేర్చాలని, డబ్బు సాయం చేయాలని అడిగారు. ఆయన ఒప్పుకోకపోతే కొట్టారు. మొయినాబాద్ పోలీసులు కేసు పెట్టి నాయకుణ్ణి అరెస్టు చేశారు.

"పూజారిని కొట్టుడేంది సార్," అన్నాడు హోటలాయన. "సర్కారు ఆఫీసర్లొస్తె కోర్టుల కొట్లాడిండ్రు. వీళ్లొస్తె ఎవరితోని కొట్లాడాలె?"

ఆ మాట నా వెంట వచ్చింది. సరిగ్గా అదే రోజున వాషింగ్టన్‌లో అధ్యక్షుడు ట్రంప్, శ్వేతసౌధంలో విశ్వాస కార్యాలయం పెడుతూ ఉత్తర్వు మీద సంతకం చేశారు. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ దేవుడి పేరును అధికారం వైపు లాగడానికి రెండు దారులున్నాయని ఆ ఒక్క తేదీ చూపించింది. ఒకటి పై నుంచి, సంతకంతో. రెండోది కింద నుంచి, కర్రతో. గుడి గడప దగ్గర సర్కారును ఆపడం ఈ కుటుంబానికి చేతనైంది. మతం పేరుతోనే వచ్చే మూకను ఆపడానికి మాత్రం సర్కారు పోలీసే రావాల్సి వచ్చింది. గుడిని ప్రభుత్వం నుంచి పూర్తిగా విడదీయాలనే వాళ్లకు నేను సగం వరకే మద్దతు ఇవ్వగలగడానికి కారణం ఇదే.

రెండో కారణం ఇంకా పాతది. 2018 ఏప్రిల్ 16న జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి రంగరాజన్ ఒక దళిత యువకుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని మోసుకెళ్లారు. లోకసారంగముని తిరుప్పాణాళ్వారును శ్రీరంగనాథుడి ముందుకు మోసిన కథను అనుసరించి దానికి మునివాహన సేవ అని పేరు పెట్టారు. ఏ ఉత్తర్వూ లేకుండా, తన సంప్రదాయంలోంచే ఒక అర్చకుడు ఆ పని చేయడం చూసినప్పుడు నా మనసు నిండిపోయింది. కానీ భుజాలెత్తే అర్చకుడు దొరికే దాకా ఆగమని ఎవరితో అనగలం? అందుకే మన రాజ్యాంగం 25వ అధికరణంలో మతస్వేచ్ఛ ఇస్తూనే, హిందూ ఆలయాల తలుపులు అన్ని వర్గాలకూ తెరిపించే అధికారం రాజ్యానికి ఉంచింది. అమెరికా కూడా ఆ మాటకొస్తే చేతులు ముడుచుకు కూర్చోలేదు. నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య ప్రేమను మతం పేరుతో నిషేధించిన బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయానికి పన్ను మినహాయింపు తీసేయడం సరైనదేనని వాళ్ల సుప్రీంకోర్టు 1983లో చెప్పింది. పక్కవాడిని తొక్కే హక్కు మతానిది కాదు. ఆ ఒక్క చోట గోడకు తలుపు ఉండి తీరాలి.

మొయినాబాద్‌లో చేవెళ్ల బస్సెక్కాను. దారికి రెండు వైపులా మర్రిచెట్లు. అప్పా నుంచి మన్నెగూడ వరకు అన్నీ కలిపి 900 దాకా ఉంటాయంటారు. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టేయొద్దని ఏళ్లుగా హరిత ట్రిబ్యునల్‌లో వాదన నడిచింది. ఈ రోడ్డు మీదే 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఆ మలుపు దగ్గర బస్సులో అందరూ మాటలాపి కిటికీలోంచి చూశారు. కొందరు దండం పెట్టుకున్నారు.

చేవెళ్లది వేరే తరహా నమ్మకం. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి మండుటెండలో పాదయాత్ర మొదలుపెట్టింది ఇక్కడి నుంచే. మరుసటి ఏడాది ముఖ్యమంత్రి అయ్యాక ఇది కాంగ్రెస్‌కు కలిసొచ్చే గడ్డగా పేరు పడిపోయింది. 2023 ఆగస్టులో ఖర్గే దళిత, గిరిజన డిక్లరేషన్ చదివిందీ, 2024 ఫిబ్రవరిలో రేవంత్‌రెడ్డి 500 రూపాయల గ్యాస్ పథకం ప్రారంభించిన రోజున బహిరంగ సభ పెట్టిందీ చేవెళ్లలోనే. మన దగ్గర రాజకీయానికీ మొక్కుకూ మధ్య గీత గీయాలని ఎవరూ అనుకోరు. కేసీఆర్ హయాంలో యాదాద్రిని ప్రభుత్వమే పునర్నిర్మించింది. 2023 ఆగస్టు 25న కొత్త సచివాలయంలో నల్లపోచమ్మ గుడి, మసీదు, చర్చి ఒకే రోజు తెరిచారు. గోడ కట్టడం మన పద్ధతి కాదు, అందరికీ తలా ఇంత పంచడం మన పద్ధతి. పంచే చెయ్యి న్యాయంగా ఉన్నంతకాలం అందులో ఒక అందం ఉంది. ఆ చెయ్యి ఒకవైపు మొగ్గితే ఆపడానికి మాత్రం మన దగ్గర ఏ గోడా లేదు.

చేవెళ్ల బస్టాండు ముందు బెంచీ మీద ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. బంతి, చామంతి వేసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపే రైతు. కొడుకూ కోడలూ డాలస్ దగ్గర ఉంటారట, మనవరాలు నాలుగో తరగతి. నేను చిలుకూరు నుంచి వస్తున్నానని విని ఆయనే ఎత్తుకున్నాడు.

"మా పిల్ల సదివే బడిల గోడకు వాళ్ల దేవుని పది మాటలు రాసి కట్టాలెనని చట్టం చేసిన్రంట. కోడలు పరేషాన్ల ఉన్నది సారూ."

టెక్సస్ చట్టం అది. ప్రతి ప్రభుత్వ బడిలో ప్రతి తరగతి గదిలోనూ పది ఆజ్ఞలను కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు ఉండేలా కట్టాలి. 2025 సెప్టెంబరు నుంచి అమలు. దాని మీద కొన్ని కుటుంబాలు కలిసి కోర్టుకు వెళ్లాయని, ఆ కుటుంబాల పిల్లలు చదివే జిల్లాల్లో ఫెడరల్ జడ్జి ఆగస్టులోనే దాన్ని ఆపారని, అప్పీళ్లు నడుస్తున్నాయని చెప్పాను.

"ఎవరేసిన్రు కేసు? మనోళ్లా?"

యూదులు, క్రైస్తవులు, ఏ మతమూ లేనివాళ్లు, హిందువులు కూడా అన్నాను. వేసినవాళ్లలో ఒక క్రైస్తవ పాస్టరు కూడా ఉన్నాడని చెప్పేసరికి ఆయన ఆశ్చర్యపోయాడు. తన దేవుడి మాటను సర్కారు గోడకెక్కిస్తే పాస్టరుకు కోపమెందుకు? డాన్‌బరీ వాళ్ల సంగతి చెప్పాను, చిలుకూరు హుండీ సంగతి చెప్పాను. రెండోది చెప్పగానే తల ఊపాడు. సర్కారు చెయ్యి పడితే దేవుడు సర్కారోడైతడు, నిజమే అన్నాడు. తరవాత, తాను చదివిన బడిలో సరస్వతి పటానికి దండేసి అందరూ దండం పెట్టేవాళ్లమని, సాయిబుల పిల్లలు కూడా పెట్టేవాళ్లని, వాళ్లను ఎవరం అడగలేదని తనంతట తానే అన్నాడు.

జెండాకు వందనం చేయమని యెహోవా సాక్షుల పిల్లల్ని బలవంతపెట్టకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1943లో చెప్పింది. జాతీయగీతం పాడని అదే శాఖ పిల్లల్ని కేరళ బడిలోంచి తీసేస్తే మన సుప్రీంకోర్టు 1986లో వాళ్లను వెనక్కి చేర్పించింది. మీ మనవరాలు ఆ పది ఆజ్ఞల పటానికి దండం పెట్టాల్సిన అవసరం లేదు, వాటిని చదవాల్సిన అవసరమూ లేదని ఆయనకు భరోసా ఇచ్చాను. కోడలితో మాట్లాడి, వాళ్ల జిల్లాలో కేసు వేసేవాళ్లు ఉంటే కలవమని చెప్పమన్నాను. కోర్టు అనుమతిస్తే పేరు బయటికి రాకుండా కూడా వేయొచ్చన్నాను.

ఆయన ఒప్పుకోలేదు.

"గ్రీన్‌కార్డు రాకముందుకే సర్కారు మీదికి కోర్టుకు పోతరా సారూ? వీసా మీద ఉన్నోళ్లు."

మొదటి సవరణ పౌరులకే అని రాయలేదు, కోర్టు తలుపు వీసా మీద ఉన్నవాళ్లకూ తెరిచే ఉంటుందన్నాను. కాగితం మీద తెరిచే ఉంటది, లోపలికి పోయినంక మా పోరని నౌకరీకి జిమ్మేదారి ఎవరన్నాడు. అలా భయపడేవాళ్లంతా ఊరుకుంటే ఆ పటం అక్కడే ఉండిపోతుందన్నాను. పరిగి బస్సు వచ్చి ఆయన ఎక్కే దాకా ఇద్దరం దాని మీదే వాదించుకున్నాం. కిటికీ పక్క సీటు దొరకగానే తల బయటికి పెట్టి, పాస్టరు వేసిన ఆ కేసు ఎందాక వచ్చిందో కనుక్కొని తనకు ఫోన్ చేయమని నంబరు చెప్పాడు.